ఉప్పునీటి అక్వేరియంలో చేపలు ఒక్కొక్కటిగా కనిపించకుండా పోతున్నాయి, కారణం ఎలా కనిపెట్టాలి?

కడలిగూడు, లాసన్స్ బే కాలనీ

అందరికీ నమస్కారం. మా ఇంటి హాలులో 14 నెలలుగా ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. గాజు తొట్టె పొడవు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున. సుమారు 240 లీటర్ల నీరు పడుతుంది. వెనుక మూలన, పైనుంచి పొర్లిన నీరు దిగే ఓవర్‌ఫ్లో గది, కింద స్టాండులో ఆ నీరు చేరి శుభ్రమయ్యే సంప్ అనే తొట్టె, అందులో నురగతో మురికిని తీసే ప్రొటీన్ స్కిమ్మర్ ఉన్నాయి. అడుగున రెండు అంగుళాలకు పైగా ఇసుక, దాని మీద సుమారు 25 కిలోల రాళ్లు పేర్చాను. ఆ రాళ్లలో రెండింటిని ఆగస్టులో మా విశాఖలోని జోడుగుళ్లపాలెం దగ్గర, ఆటు సమయంలో బయటపడే రాతి గుంటల నుంచి నేనే తెచ్చి వేశాను.

సెప్టెంబరు చివరి నాటికి ట్యాంకులో 10 చేపలు ఉండేవి: క్లౌన్ ఫిష్ జంట, గ్రీన్ క్రోమిస్ 6, ఫైర్‌ఫిష్ ఒకటి, అక్టోబరుకు వారం ముందు తెచ్చిన పసుపుపచ్చ రాస్ ఒకటి. వాటితోపాటు ఒక క్లీనర్ రొయ్య, 10 హెర్మిట్ పీతలు, 8 నసేరియస్ నత్తలు ఉన్నాయి. అక్టోబరు రెండో వారంలో ఒక క్రోమిస్ కనిపించలేదు. పది రోజులు తిరగకముందే రెండోది పోయింది. అదే వారంలో ఫైర్‌ఫిష్, ఆ తరువాత రాస్, నెలాఖరుకు మూడో క్రోమిస్ కనిపించకుండా పోయాయి. ఒక్కదాని కళేబరం కూడా దొరకలేదు, ముల్లు ముక్క అయినా కనిపించలేదు. మా పాప రోజూ ఉదయం 7 గంటలకు బడికి బయలుదేరే ముందు చేపలను లెక్కపెట్టి పలక మీద రాస్తుంది కాబట్టి ఏ రోజున ఏది తగ్గిందో నాకు కచ్చితంగా తెలుసు. నేను రాత్రి 8 గంటలకు ఇల్లు చేరి మళ్లీ లెక్కపెడతాను. ట్యాంకు దీపాలు ఉదయం 11 నుంచి రాత్రి 8 వరకు వెలుగుతాయి.

నీటి పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 15 పీపీఎం. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. నీటిలో ఉప్పు ఎంత ఉందో తెలిపే సాంద్రత మాత్రం ఎప్పుడూ 1.025 ఉండేది, ఇప్పుడు 1.022 చూపిస్తోంది. పదిహేను రోజులకొకసారి 40 లీటర్ల సముద్రపు నీటిని తెచ్చి మారుస్తాను. మరొక విషయం, దీపాలు ఆరిన తరువాత అప్పుడప్పుడు ట్యాంకు లోపలి నుంచి టక్కుమని ఒక శబ్దం వినిపిస్తోంది. దాన్ని బట్టి నేను తెచ్చిన రాళ్లలో, ఇతర జీవులను వేటాడి తినే మాంటిస్ రొయ్య దాక్కుని ఉందని నా అనుమానం. ఆదివారం రాళ్లన్నీ బయటికి తీసి వెతకాలని అనుకుంటున్నాను. అలా చేయడం సరైనదేనా? ప్రతి ఉదయం పాప చెప్పే అంకె వినాలంటే భయంగా ఉంటోంది. దయచేసి అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

పాతతీరం, పెదవాల్తేరు

కడలిగూడు గారూ, ముందుగా ఒక విన్నపం. ఆదివారం రాళ్లు తీయకండి. 14 నెలలుగా కుదురుకున్న ట్యాంకులో రాళ్లను, ఇసుకను ఒక్కసారిగా కదిపితే అడుగున పేరుకున్న మురికి అంతా నీటిలోకి లేచి, మిగిలిన 5 చేపలకూ ముప్పు వస్తుంది. పైగా మాంటిస్ రొయ్య తన బొరియ ఉన్న రాయిని వదిలి రాదు; ఆ రాయి చేతిలో ఉన్నా అది మీకు కనిపించకపోవచ్చు.

నేను 11 ఏళ్లుగా ఉప్పునీటి ట్యాంకులు పెడుతున్నాను. చేప కనిపించలేదంటే ముందు ట్యాంకు బయట వెతకాలన్నది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. మీరు మూత సంగతి ఎక్కడా రాయలేదు. మన ఊళ్లో మే నెల ఎండలకు నీరు వేడెక్కుతుందని చాలామంది గాజు మూత తీసేసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పి పెడతారు. నేనూ అదే చేస్తాను. వేసవి అయిపోయిన తరువాత ఆ మూత తిరిగి పెట్టడం మరచిపోతాం. ఫైర్‌ఫిష్ ఎంత సాధువో అంత పిరికిది. చీకట్లో ఎవరైనా హాలు లైటు ఒక్కసారిగా వేసినా, పక్క చేప తరిమినా నిటారుగా పైకి ఎగురుతుంది. మా ఇంట్లో ఒక గోబీ చేప ట్యాంకుకు 5 అడుగుల దూరంలో, టీవీ బల్ల కింద, ఎండి పుల్లలా దొరికింది. అది కూడా చీమల బారు వెంట వెళితే దొరికింది. ఇంట్లో పిల్లి ఉన్నా, చుంచులు తిరుగుతున్నా ఆ ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి స్టాండు వెనుక, సోఫా కింద, గోడకు స్టాండుకు మధ్య సందులో టార్చి వేసి చూడండి.

తరువాత ఓవర్‌ఫ్లో గదిలో చూడండి. ఆ గది చీకటిగా ఉంటుంది, పైనుంచి ఆహారం పడుతూ ఉంటుంది, అందుచేత చిన్న చేపలు అందులో వారాల తరబడి బతికి ఉన్న సందర్భాలు ఉన్నాయి. అక్కడి నుంచి సంప్‌లోని ఫిల్టర్ సంచి, పంపు నోరు, నీటిని అలలా కదిలించే వేవ్‌మేకర్ వెనుక భాగం ఒక్కొక్కటే చూసుకుంటూ రండి.

రాస్ విషయంలో మాత్రం నాకు ఆశ ఉంది. ఆ జాతి రాత్రి ఇసుకలో దూరి నిద్రపోతుంది. కొత్తగా వచ్చినదైతే బెదిరి రోజుల తరబడి పైకి రాకపోవచ్చు. వచ్చినా పొద్దెక్కాక లేచి, దీపాలు ఆరడానికి చాలా ముందే తిరిగి దూరిపోతుంది. మీ పాప లెక్కపెట్టేది ఉదయం 7 గంటలకు, మీరు చూసేది రాత్రి 8 గంటలకు. ఈ రెండు వేళల్లోనూ అది ఇసుకలోనే ఉంటుంది. పగటి పూట మీ ఇంట్లో ఎవరు ఉంటారు? వారిని అడిగారా? ఇసుకను మాత్రం పుల్లతో కెలకవద్దు.

ఉప్పుగాలి, గాజువాక

పాతతీరం గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూ, క్రోమిస్ గురించి కొంత చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ అయిదింటిలో మూడు అవే.

దుకాణంలో వందల కొద్దీ క్రోమిస్‌లు ఒకే తొట్టెలో గుంపుగా తిరుగుతుంటే ఎంతో నెమ్మదైన చేపలని అనిపిస్తుంది. సముద్రంలోనూ పగడాల కొమ్మల చుట్టూ పెద్ద గుంపులుగానే ఉంటాయి. మన ట్యాంకులో ఆరింటిని వదిలినప్పుడు మాత్రం వాటి మధ్య పెద్దరికం ఏర్పడుతుంది. బలమైనది అన్నిటికంటే బలహీనమైనదాన్ని వెంటాడి, తోక కొరికి, ఆహారం దగ్గరికి రానివ్వకుండా చేస్తుంది. అది పోయాక వంతు తరువాతి దానిది అవుతుంది. ఆరు అయిదై, అయిదు నాలుగై, చివరికి ఒకటో రెండో మిగిలిన ట్యాంకులు నేను చాలా చూశాను. నా సొంత ట్యాంకులోనూ అదే జరిగింది. అందుకని మీకు నా ప్రశ్నలు ఇవి. పోయిన మూడింటిలో దేనికైనా తోక గాని రెక్కలు గాని చిరిగి ఉండేవా? ఏదైనా గుంపుకు దూరంగా పై మూలన నిలబడేదా? పక్కన ఎర్రటి పుండు వంటిది కనిపించిందా? ఎర్ర పుండు ఉంటే అది యూరోనీమా అనే సూక్ష్మజీవి పని అయి ఉండవచ్చు, క్రోమిస్‌లకు అది తరచుగా వస్తుంది, రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

అమ్మోనియా సున్నా ఉంది కాబట్టి ట్యాంకులో చేప చావలేదని అనుకోవద్దు. 4 సెంటీమీటర్ల చేప ఒకటి 240 లీటర్ల పాత ట్యాంకులో చనిపోతే, దాన్ని సగం నత్తలు, పీతలు, ఇసుకలోని పురుగులు తినేస్తాయి. మిగిలిన దాని నుంచి వచ్చే అమ్మోనియాను రాళ్లలోని బాక్టీరియా పుట్టినది పుట్టినట్టే మార్చేస్తుంది. పరీక్ష సీసాలో రంగు మారేంతగా ఎక్కడా నిలవ ఉండదు.

ఇక మీ సాంద్రత 1.025 నుంచి 1.022కు పడిపోవడం. దానికి కారణం మీ ఇంట్లో లేదు, సముద్రంలోనే ఉంది. వానాకాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మహానది తెచ్చిపోసిన మంచినీరు బంగాళాఖాతం పైపొరలో పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది కాబట్టి ఆ పలుచని నీరు విశాఖ దాకా దిగి వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రవాహం తిరగబడుతుంది, అప్పుడు అదే ఒడ్డున తెచ్చిన నీరు చిక్కగా ఉంటుంది. అందువల్ల ఈ నెలల్లో తెచ్చిన నీటిని కొలిచి, అక్వేరియం ఉప్పు కలిపి 1.025కు తెచ్చాకే వాడాలి. అయితే ఈ తగ్గుదల మీ చేపలను చంపిందని నేను అనుకోను. తెల్లమచ్చల వ్యాధికి చికిత్సగా చేపలను 1.009 సాంద్రతలో వారాల తరబడి ఉంచుతారు, అవి తట్టుకుంటాయి. నత్తలు, రొయ్యలు తట్టుకోలేవు. మీ రొయ్య కోసమైనా దీన్ని నిదానంగా, రోజుకు 0.001కు మించకుండా సరిచేయండి.

కడలిగూడు, లాసన్స్ బే కాలనీ

మీ ఇద్దరికీ నేను ఎంతో రుణపడి ఉన్నాను. నిన్న రాత్రి, ఈ ఉదయం వెతికాను. వివరాలు రాస్తున్నాను.

మూత విషయం పాతతీరం గారు చూసినట్టే చెప్పారు. మే నెలలో తీసి అటక మీద పెట్టిన గాజు మూత ఇంకా అటక మీదే ఉంది. స్టాండును గోడ నుంచి జానెడు జరిపి చూస్తే వెనుక సందులో, స్కిమ్మర్ వైరుకు ఆనుకుని ఫైర్‌ఫిష్ దొరికింది. ఎండిపోయి ఉంది, ఎత్తైన వెన్నురెక్క వల్ల మాత్రమే గుర్తుపట్టగలిగాను. దాని చుట్టూ చీమలు ఉన్నాయి. ఆ వారంలో ఒక రాత్రి నీళ్ల కోసం లేచి హాలు లైటు వేసింది నేనే. ఆ చేప ప్రాణం నా మరుపు వల్ల పోయింది, అది నాకు చాలా బాధగా ఉంది.

రాస్ సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. పగలంతా ఇంట్లో ఉండేది మా అమ్మ. అడిగితే, పసుపుపచ్చ చేప రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి ఆరింటి దాకా ముందు అద్దం దగ్గరే తిరుగుతుందని, మేము దాన్ని పోయిందని అనుకుంటున్నట్టు తనకు తెలియదని చెప్పింది. ఈ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. 11.40కి ఇసుకలోంచి ముందు ముక్కు, తరువాత ఒళ్లంతా బయటికి వచ్చింది. సాయంత్రం 6 దాటగానే ఒక మూల ఇసుకలో దూరింది. మూడు వారాలుగా మేము దాన్ని చచ్చిపోయిన వాటిలో లెక్కవేశాం.

ఓవర్‌ఫ్లో గదిలో, సంప్‌లో ఏమీ లేదు. అంటే లెక్క తేలనివి ఇక మూడు క్రోమిస్‌లే. మిగిలిన మూడింటిలో ఒకదానికి తోక అంచు చిరిగి ఉంది. ఎర్ర పుండు ఏదీ కనిపించలేదు. రాత్రి శబ్దం ఇంకా వస్తూనే ఉంది. నత్తలు, హెర్మిట్ పీతలు ఒక్కటి కూడా తగ్గలేదు, ఆహారం వేస్తే అన్నీ బయటికి వస్తాయి.

తీరజీవి, ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి

కడలిగూడు గారూ, మీరు చివరగా రాసిన వాక్యం చాలా ముఖ్యమైన సాక్ష్యం. దాని నుంచే మొదలుపెడతాను.

మాంటిస్ రొయ్యల్లో రెండు తరహాలు ఉన్నాయి. ఒక తరహావి ముందు కాలి మడమతో గుద్ది గుల్లలను పగలగొడతాయి. ఇవే రాతి రంధ్రాల్లో నివసిస్తాయి. రెండో తరహావి ముళ్ల కాలితో పొడిచి చేపలను, రొయ్యలను పట్టుకుంటాయి. ఇవి ఎక్కువగా ఇసుకలో, బురదలో బొరియలు చేసుకుంటాయి. మన ఫిషింగ్ హార్బర్‌లో వలల్లో కుప్పలుగా పడేవి ఈ రెండో తరహావి. మీరు తెచ్చినది రాయి కాబట్టి, అందులో మాంటిస్ ఉంటే అది గుద్దే తరహాది అయ్యే అవకాశమే ఎక్కువ. అలాంటిది ఉన్న ట్యాంకులో మొదట పోయేవి నత్తలు, హెర్మిట్ పీతలు. పగిలిన గుల్లలు ఏదో ఒక రంధ్రం ముందు పోగుపడి ఉంటాయి. మీ 18 గుల్లజీవులూ మూడు నెలలుగా క్షేమంగా ఉన్నాయంటే మాంటిస్‌ను మొదటి నిందితుడిగా నేను నిలబెట్టలేను. టక్కుమనే శబ్దం పిస్తోలు రొయ్యది కావచ్చు, అది ఒక పెద్ద డెక్కను మూసి ఆ చప్పుడు చేస్తుంది, చేపల జోలికి సాధారణంగా పోదు. హెర్మిట్ పీత గుల్ల అద్దానికి తగిలినా దాదాపు అదే చప్పుడు వస్తుంది.

రాళ్లతో వచ్చే మరికొన్నింటిని కూడా గుర్తుంచుకోవాలి. ఒంటి నిండా నూగుతో, డెక్కల కొనలు నల్లగా ఉండే పీతలు మన రాతి తీరంలో విరివిగా ఉంటాయి. వాటిలో చాలా వరకు నాచు, చచ్చిన మాంసం తింటాయి గాని, పెద్దవైతే నిద్రలో ఉన్న చిన్న చేపను పట్టగలవు. ఇక యూనిసిడ్ జాతి పొడవాటి పురుగు ఉంటుంది, తల మీద అయిదు స్పర్శ తంతువులతో, ఒళ్లు ఇంద్రధనుస్సులా మెరుస్తూ ఉంటుంది. అందులో పెద్దవి నిజంగా చేపలను పడతాయి. ఇసుకలో మామూలుగా కనిపించే తెల్లని నూగు పురుగులు వేరు, అవి పాకీ పని చేసే జీవులు. వాటిని వట్టి చేత్తో ముట్టుకోకండి, ఆ నూగు వేలిలో దిగి రోజుల పాటు మండుతుంది.

అయితే మీరు గాని, మనం గాని ఇప్పటి వరకు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి అడుగుతున్నాం. చేపను చంపినది ఏది అన్నది ఒకటి, కళేబరాన్ని మాయం చేసినది ఏది అన్నది మరొకటి. ఈ రెండింటికీ జవాబు ఒకే జీవి కానవసరం లేదు. అర్ధరాత్రి ఒక పీత నోట చేప కనిపిస్తే ఆ పీతే చంపిందని రాసేసుకుంటాం, కాని అది అప్పటికే చచ్చిన చేప అయి ఉండవచ్చు.

కాబట్టి రాత్రి కాపలా కాయండి. టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం చుట్టండి; చాలా అకశేరుకాలకు ఎర్ర వెలుతురు సరిగా కనబడదు, కాబట్టి అవి దాక్కోవు. దీపాలు ఆరిన రెండు గంటల తరువాత నుంచి గంటకొకసారి చూస్తే చాలు. క్రోమిస్‌లు ఏ రాయి సందులో నిద్రపోతున్నాయో ముందే గుర్తు పెట్టుకోండి. చేప ఏదైనా ప్రాణంతో ఉండగా పడిపోయి కనిపిస్తే దాన్ని తీసి వేరే ఉంచండి, చనిపోతే రెక్కలు, పొలుసులు, మొప్పలు పరీక్షగా చూడండి. వ్యాధి గుర్తులు ఏమీ లేకపోతే ఆ కళేబరాన్ని తిరిగి ట్యాంకులో వేసి ఎంతసేపటికి మాయమవుతుందో చూడవచ్చు. వినడానికి కఠినంగా ఉన్నా, మీ రెండో ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు రాదు.

రాళ్ల గురించి ఒక మాట చెప్పడం నా బాధ్యత. ఒడ్డు నుంచి రాయి తెచ్చేటప్పుడు దాని మీద పగడం ఉంటే ముట్టుకోకండి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సేకరించడం నేరం. పగడం లేని రాయినైనా తీరంలోనే వదిలేయడం మేలు.

పాతతీరం, పెదవాల్తేరు

రాస్ బతికి ఉన్నందుకు చాలా సంతోషం. గాజు మూత తిరిగి పెట్టకండి, అది వేడిని ఆపుతుంది. అల్యూమినియం కిటికీ చట్రం చేసేవారి దగ్గర ట్యాంకు కొలతకు చట్రం చేయించి, 6 మిల్లీమీటర్ల కన్నుల నైలాన్ వల బిగించండి. పైపులు దిగే చోట కూడా ఖాళీ వదలవద్దు, ఫైర్‌ఫిష్ దూరడానికి బొటనవేలంత సందు చాలు.

పీత కనిపిస్తే పట్టడం సులువే. ఒక గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి, రాయికి ఏటవాలుగా ఆనించి రాత్రంతా ఉంచండి. వాసనకు లోపలికి దిగుతుంది, నున్నటి గాజు మీద కాళ్లు ఆనక పైకి ఎక్కలేదు.

కడలిగూడు, లాసన్స్ బే కాలనీ

నాలుగు రాత్రులు కాపలా కాశాను. మొదటి రెండు రాత్రులు చెప్పుకోదగినది ఏమీ లేదు. శబ్దం సంగతి మాత్రం తేలింది. ఒక పెద్ద హెర్మిట్ పీత ముందు అద్దం మీది నాచు తింటూ, గుల్లను అద్దానికి కొడుతూ నడుస్తోంది. నెల రోజులుగా నన్ను నిద్రపోనివ్వని చప్పుడు అదే.

మూడో రాత్రి 1.30కి చూస్తే చిరిగిన తోక ఉన్న క్రోమిస్ తన సందులో లేదు. ఎడమ వైపు రాయి ముందు, ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు మెల్లగా కదులుతున్నాయి. దాని చుట్టుపక్కల ఏ జీవీ లేదు. చిన్న గిన్నెతో తీసి, గాలి బుడగలు వదిలే గాలి రాయి పెట్టిన బకెట్‌లో ఉంచాను. గంట తిరగకముందే ప్రాణం పోయింది. భూతద్దం పెట్టి చూస్తే తోక మొదలంటా చిరిగి ఉంది, రెండు వైపులా తోక దగ్గర పొలుసులు ఊడి ఉన్నాయి, కడుపు లోపలికి పోయి ఉంది. డెక్క పట్టిన గాయం గాని, పుండు గాని ఎక్కడా లేదు.

తీరజీవి గారు చెప్పినట్టే 2.50కి దాన్ని తిరిగి ఇసుక మీద ఉంచాను. ఆ పని చేయడానికి నా చేయి ముందుకు రాలేదు, అయినా తెలుసుకోవాలని చేశాను. అయిదు నిమిషాల లోపే ఇసుకలోంచి నసేరియస్ నత్తల తొండాలు లేచాయి. ఒకదాని వెనుక ఒకటిగా ఆరు నత్తలు వచ్చి ఎక్కాయి. తరువాత హెర్మిట్ పీతలు, రాతి అడుగు నుంచి నూగు పురుగులు వచ్చాయి. నేను ఎంతో మురిపెంగా పెంచుకుంటున్న క్లీనర్ రొయ్య కూడా వచ్చి ఒక ముక్క చించుకుని పోయింది. 3.40కి నేను జోడుగుళ్లపాలెం నుంచి తెచ్చిన రాయి కిందినుంచి ఒక పీత బయటికి వచ్చింది. వీపు వెడల్పు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ఒంటి నిండా గోధుమ రంగు నూగు, డెక్కల కొనలు నల్లగా ఉన్నాయి. అది నత్తలను తోసి, మిగిలిన కళేబరాన్ని రాయి కిందికి ఈడ్చుకుపోయింది. ఉదయం 6 గంటలకు ఆ చోట ఇసుక మామూలుగా ఉంది. మూడు గంటల పది నిమిషాల్లో ఆనవాలు లేకుండా పోయింది.

మా పాప 7 గంటలకు వచ్చి లెక్కపెట్టి ఒకటి తగ్గిందని చెప్పింది. అంతకు ముందు మూడుసార్లు కూడా ఇదే జరిగి ఉంటుందని అప్పుడు నాకు అర్థమైంది.

ఉప్పుగాలి, గాజువాక

మీరు రాసిన గాయాలు పీతవి కావు. తోక మొదలంటా చిరగడం, తోక దగ్గర రెండు వైపులా పొలుసులు ఊడటం వెంటాడి కొరికే చేప పని. కడుపు లోపలికి పోయిందంటే చాలా రోజులుగా దానికి ఆహారం అందలేదు. పగలు దీపాలు వెలుగుతున్నప్పుడు ఇంకొక క్రోమిస్‌ను తరిమేది ఏదో మీ అమ్మగారినే అడగండి. ఈసారి ఒక అరగంట కూర్చుని చూడమని ముందే చెప్పండి.

మిగిలిన రెండింటిలో బలహీనమైనదాన్ని రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి అదే ట్యాంకులో వేలాడదీయండి. రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెంగా ఆహారం వేయండి. రోజుకొకసారి ఒకేచోట గుప్పెడు వేస్తే బలమైనది దాన్ని కాపలా కాసి రెండో దాన్ని రానివ్వదు.

ఇతరులకు కూడా ఉపయోగపడుతుందని ఇంకొక విషయం రాస్తున్నాను. ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్‌ను ట్యాంకు శుభ్రం చేస్తుందని చెప్పి అమ్ముతారు. నేను కొన్నాను. రాత్రిపూట అది కాళ్ల మీద లేచి గుడారంలా నిలబడుతుంది, చిన్న చేపలు నీడ అనుకుని కిందికి చేరతాయి, అది కాళ్లు ముడిచి వాటిని లోపల బంధిస్తుంది. రెండు గోబీలు పోయాక గాని నాకు తెలియలేదు. చేపలు మాయమైనప్పుడు ఆ జీవి ట్యాంకులో ఉంటే మాత్రం ముందు అనుమానించవలసింది దాన్నే.

కడలిగూడు, లాసన్స్ బే కాలనీ

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అమ్మ వరుసగా రెండు మధ్యాహ్నాలు కుర్చీ వేసుకుని చూసింది. రెండు క్రోమిస్‌లలో పెద్దది, వెన్ను మీద నీలం కాస్త ఎక్కువగా ఉన్నది, రెండోదాన్ని ట్యాంకు ఆ మూల నుంచి ఈ మూల దాకా తరుముతోందని, ఆహారం వేసినప్పుడు మరీ ఎక్కువగా తరుముతోందని చెప్పింది. ఇది నెల రోజులుగా చూస్తున్నదేనని, చేపలు ఆడుకుంటున్నాయని అనుకున్నానని కూడా చెప్పింది. నేను రాత్రి 8 తరువాత చూసిన ప్రతిసారీ అవి నిద్రకు చేరుతూ ప్రశాంతంగానే కనిపించేవి.

చిన్నదాన్ని పెట్టెలో ఉంచాం. తోక అంచున పారదర్శకంగా కొత్త పొర వస్తోంది, పురుగు ఆహారం బాగా తింటోంది. పీత రెండో రాత్రికే గ్లాసులో పడింది. అది చేపలను చంపిందన్న రుజువు నా దగ్గర లేదు, అయినా నిద్రపోయే చేపల మధ్య దాన్ని ఉంచడానికి మనసు ఒప్పలేదు. ట్యాంకులో ఉన్న జీవిని తిరిగి సముద్రంలో వదలడం రోగాల దృష్ట్యా మంచిది కాదని తెలుసు కాబట్టి సంప్‌లో ఒక గదిలో ఉంచి, రెండు రోజులకొకసారి రొయ్య ముక్క వేస్తున్నాను. సాంద్రత 1.025కు వచ్చింది. వల మూత బిగించాను, పైపుల దగ్గర సందులకు స్పాంజి కుక్కాను.

తీరజీవి గారికి ఒక ప్రశ్న. చిన్న క్రోమిస్ పూర్తిగా కోలుకున్నాక దాన్ని తిరిగి వదిలితే పెద్దది ఊరుకుంటుందా, లేక పెద్దదాన్నే వేరే ట్యాంకుకు పంపడం మంచిదా?

తీరజీవి, ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి

పెద్దదాన్ని పంపడమే మంచిది. రెండే ఉన్నప్పుడు దాని కోపం పంచుకోవడానికి మూడో చేప ఉండదు. వెంటనే ఇచ్చే చోటు దొరకకపోతే పెద్దదాన్ని పెట్టెలోకి మార్చి, చిన్నదాన్ని వారం పది రోజులు ట్యాంకులో స్వేచ్ఛగా తిరగనివ్వండి. రాళ్ల అమరికను పై భాగంలో కొంచెం మార్చండి. అప్పుడు పెద్దది బయటికి వచ్చినా, ఇది తన చోటు అని పట్టుబట్టడం కొంత తగ్గుతుంది. తగ్గకపోతే రెండు రోజుల్లోనే మీకు తెలుస్తుంది.

కడలిగూడు, లాసన్స్ బే కాలనీ

పెదవాల్తేరులో పాతతీరం గారు తమ 6 అడుగుల ట్యాంకులోకి పెద్దదాన్ని తీసుకుంటామన్నారు. ఆదివారం తీసుకువెళ్లి ఇచ్చి వస్తున్నాను. చిన్నదాన్ని ఆ సాయంత్రమే పెట్టెలోంచి వదులుతాం. మా పాప లెక్కపెట్టే వేళ ఉదయం 7 నుంచి సాయంత్రం 4.30కు మారింది; బడి నుంచి రాగానే బ్యాగు దించి, నానమ్మ పక్కన నిలబడి లెక్కపెడుతుంది, రాస్ ఆ వేళకు ముందు అద్దం దగ్గరే ఉంటుంది.